చిన్న ప్రోటీన్ల అంతర్గత చలనాలపై ఉష్ణోగ్రత ప్రభావం

ముడుచుకుని నిలకడైన ఆకృతి పొందిన ప్రోటీన్ అణువులో, ఆ ఆకృతి చెదరకుండానే జరిగే కదలికలను అంతర్గత చలనాలు అంటారు. వీటికి మూలం ఉష్ణశక్తి. అయితే వేడి పెరిగినప్పుడు అన్ని చలనాలూ ఒకే పాళ్లలో పెరగవు.

చలనాల రకాలు
పరమాణువులు ఉన్నచోటనే ఊగిసలాడటం మొదటి రకం. ఇది సెకనులో లక్ష కోట్లవ వంతు కాలంలో జరిగిపోతుంది. శక్తి అవరోధాన్ని దాటి ఒక అమరిక నుంచి మరో అమరికకు మారడం రెండో రకం. ఉష్ణోగ్రత 25 నుంచి 35 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే కెల్విన్ మానంలో పెరుగుదల సుమారు 3 శాతమే. కాబట్టి ఊగిసలాటలో తేడా స్వల్పం. అదే మోలుకు 65 కిలోజౌళ్ల అవరోధం దాటాల్సిన చలనమైతే రెండింతలకు పైగా వేగం పుంజుకుంటుంది.

ఉదాహరణ: బీపీటీఐ
పశువుల క్లోమంలో లభించే ఈ ట్రిప్సిన్ నిరోధకంలో 58 అమైనో ఆమ్లాలు, 3 డైసల్ఫైడ్ బంధాలు ఉన్నాయి. టైరోసిన్‌లు నాలుగు, ఫినైల్ అలనిన్‌లు నాలుగు. వీటి వలయాలు ఉండుండి 180 డిగ్రీలు తిరగబడతాయి. తిరిగాక అమరిక ముందున్నట్టే ఉంటుంది కనుక ఎక్స్-రే చిత్రంలో ఆ జాడ కనిపించదు. కేంద్రక అయస్కాంత అనునాదం మాత్రం దాన్ని పట్టిస్తుంది. 35వ స్థానంలోని టైరోసిన్ వలయం చల్లని ద్రావణంలో నాలుగు వేర్వేరు సంకేతాలిస్తుంది. వేడిచేసే కొద్దీ అవి జంటలుగా కలిసి రెండవుతాయి. వలయం తిరగాలంటే చుట్టూ ఒత్తుగా ఉన్న పరమాణువులు క్షణకాలం పక్కకు జరగాలి. ప్రోటీన్ నడిగర్భం కూడా గట్టిగా బిగుసుకుని ఉండదని దీనివల్ల తేలింది. 1977లో మెకామన్, జెలిన్, కార్‌ప్లస్ కంప్యూటర్‌లో చలనాలను తొలిసారి అనుకరించిన ప్రోటీన్ కూడా ఇదే.

రెండు హద్దులు
మయోగ్లోబిన్ వంటి ప్రోటీన్లలో సుమారు 200 కెల్విన్ దిగువన ఊగిసలాటే మిగులుతుంది. అంతకు మించితే, చుట్టూ అంటి ఉన్న నీటి కదలికతో ముడిపడి, పెద్ద చలనాలు మొదలవుతాయి. వేడి మరీ పెరిగితే మడత విడిపోతుంది. 35 అమైనో ఆమ్లాల విలిన్ శీర్షభాగం సుమారు 70 డిగ్రీల సెల్సియస్ వద్ద విచ్చుకుంటుంది. బీపీటీఐ తన డైసల్ఫైడ్ బంధాల బలంతో అంతకంటే ఎక్కువ వేడినీ తట్టుకుంటుంది.

నేడు ప్రోటీన్ స్ఫటికాల ఎక్స్-రే చిత్రాలను ఎక్కువగా 100 కెల్విన్ దగ్గర తీస్తున్నారు. అందువల్ల గది ఉష్ణోగ్రతలో జరిగే కదలికలు వాటిలో పూర్తిగా కనిపించవు.