బ్రిటన్‌లో ‘సైకిల్ టు వర్క్’: ప్రొవైడర్‌ను ఎంచుకునే ముందు ఏం చూడాలి? ఉద్యోగికి నిజంగా మిగిలేది ఎంత?

బ్రిటన్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో హెచ్‌ఆర్ నుంచి వచ్చే బెనిఫిట్స్ జాబితాలో పెన్షన్, హెల్త్ ఇన్సూరెన్స్‌తో పాటు ‘సైకిల్ టు వర్క్’ అనే పేరు కూడా తరచూ కనిపిస్తుంది. ఈ పథకంలో సైకిల్ తీసుకుంటే 42 శాతం దాకా ఆదా అవుతుందని ప్రకటనల్లో ఉంటుంది.

ఆ 42 శాతం అబద్ధం కాదు. కాకపోతే అది అందరికీ వర్తించదు, వర్తించినవారికి కూడా పూర్తిగా చేతిలో మిగలదు. ఎంత మిగులుతుందన్నది మీ పన్ను శ్లాబుతో పాటు, మీ కంపెనీ ఈ పథకాన్ని నడపడానికి ఏ ప్రొవైడర్‌తో ఒప్పందం చేసుకుందన్న దానిపై కూడా ఆధారపడి ఉంటుంది.

ప్రొవైడర్‌ను ఎంచుకునేది యజమాని, నెలనెలా డబ్బు కట్టేది ఉద్యోగి. యజమానికి ‘ఉచితం’ అని చెప్పే ప్యాకేజీలో ఖర్చు ఎవరి మీద పడుతోందో చాలామంది అడగరు. బ్రిటన్‌లో చిన్న కంపెనీలు నడుపుతున్న తెలుగువారు, అక్కడి పేరోల్‌ను హైదరాబాద్ నుంచి చూసే హెచ్‌ఆర్ సిబ్బంది, త్వరలో సైకిల్ తీసుకుందామనుకుంటున్న ఉద్యోగులు, అందరూ తెలుసుకోవాల్సిన విషయం ఇది.

అసలు ఏమిటీ పథకం?

ఉద్యోగులు కారు వదిలి సైకిల్ మీద ఆఫీసుకు వచ్చేలా ప్రోత్సహించేందుకు 1999 ఫైనాన్స్ చట్టంతో బ్రిటన్ ప్రభుత్వం ఈ పన్ను మినహాయింపు తెచ్చింది. ఇప్పుడు ఇది 2003 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 244వ సెక్షన్ కింద అమలవుతోంది. జీతానికి బదులుగా ఇచ్చే చాలా సౌకర్యాలపై 2017 ఏప్రిల్‌లో పన్ను ప్రయోజనాన్ని తొలగించినా, సైకిళ్లను మాత్రం మినహాయించారు.

పని చేసే తీరు ఇదీ. కంపెనీ లేదా ప్రొవైడర్ సైకిల్ కొని ఉద్యోగికి అద్దెకు ఇస్తుంది. ఉద్యోగి సాధారణంగా 12 నెలల పాటు జీతంలో కొంత వదులుకుంటారు. దీన్నే ‘శాలరీ శాక్రిఫైస్’ అంటారు. పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ లెక్కించకముందే ఆ మొత్తం తీసేస్తారు కాబట్టి ఆ మేరకు అవి తగ్గుతాయి. హెల్మెట్, తాళం, లైట్ల వంటి భద్రతా సామగ్రిని కూడా ఇందులో తీసుకోవచ్చు.

మరిచిపోకూడని మాట ఒకటుంది: అద్దె కాలంలో సైకిల్ మీది కాదు. చివర్లో అది మీ సొంతమవుతుందని ముందుగా హామీ ఇవ్వడానికి కూడా నిబంధనలు ఒప్పుకోవు.

షరతులు పెద్దగా లేవు. సైకిల్ వాడకంలో కనీసం సగం ఆఫీసు ప్రయాణానికి అయి ఉండాలి. ఇంటి నుంచి రైల్వే స్టేషన్ దాకా తొక్కినా లెక్కలోకి వస్తుంది. ఎన్ని మైళ్లు తిరిగారో రాసిపెట్టుకోనక్కర్లేదు. ఎలక్ట్రిక్ సైకిల్ అయితే మోటార్ 250 వాట్లకు మించకూడదు, గంటకు 15.5 మైళ్ల వేగం దాటాక మోటార్ సాయం ఆగిపోవాలి. కంపెనీ ఈ సౌకర్యాన్ని మేనేజర్లకే పరిమితం చేయకుండా ఉద్యోగులందరికీ అందుబాటులో ఉంచాలి.

అయితే ‘అందరికీ’ అన్నచోటే ఒక మెలిక ఉంది. కోత తర్వాత జీతం చట్టబద్ధమైన కనీస వేతనం కంటే తగ్గకూడదు. 21 ఏళ్లు, ఆపై వయసు వారికి ఇది 2025 ఏప్రిల్‌లో గంటకు 12.21 పౌండ్లు అయింది. ఏటా ఏప్రిల్‌లో మారుతుంది. అంటే కేర్ హోముల్లో, గిడ్డంగుల్లో, రెస్టారెంట్లలో కనీస వేతనానికి పనిచేసేవారు శాలరీ శాక్రిఫైస్‌లో చేరలేరు. బస్సు టికెట్ డబ్బులు కూడా చూసుకుని ఖర్చుపెట్టేవారికి అందకుండా, ఎక్కువ జీతం ఉన్నవారికి ఎక్కువ లాభం ఇచ్చే పథకమిది. దీనిపై ఉన్న ప్రధాన విమర్శ కూడా ఇదే.

1,200 పౌండ్ల సైకిల్‌తో లెక్క వేద్దాం

తాళం, హెల్మెట్‌తో కలిపి 1,200 పౌండ్లు అనుకుందాం. నెలకు 100 పౌండ్ల చొప్పున 12 నెలలు జీతంలో కోత పడుతుంది.

ఇంగ్లండ్‌లో 20 శాతం పన్ను శ్లాబులో ఉన్న ఉద్యోగికి 8 శాతం నేషనల్ ఇన్సూరెన్స్ కూడా కలిపి 28 శాతం మిగులుతుంది. అంటే చేతికి వచ్చే జీతంలో నెలకు తగ్గేది 72 పౌండ్లు, ఏడాదికి 864. ఆదా 336 పౌండ్లు. 40 శాతం శ్లాబులో ఉంటే నేషనల్ ఇన్సూరెన్స్ 2 శాతం కలిపి 42 శాతం మిగులుతుంది. ప్రకటనల్లో కనిపించే అంకె ఇదే. స్కాట్లాండ్‌లో పన్ను శ్లాబులు వేరు కాబట్టి లెక్క కొంత మారుతుంది.

ఇక్కడితో ఆగిపోతే బాగానే ఉంటుంది. కానీ 12 నెలలు పూర్తయ్యాక సైకిల్ ఏమవుతుంది?

దాన్ని ఉద్యోగికి అప్పటి మార్కెట్ విలువకు అమ్మాలి. అంతకంటే తక్కువకు ఇస్తే ఆ తేడాపై పన్ను పడుతుంది. ఆ విలువ ఎంతన్న దానిపై గొడవ లేకుండా బ్రిటన్ పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ 2010లో ఒక పట్టిక ఇచ్చింది. దాని ప్రకారం 500 పౌండ్లు, ఆపైన ధర ఉన్న సైకిల్ విలువ ఏడాది తర్వాత 25 శాతం, నాలుగేళ్ల తర్వాత 7 శాతం. 500 కంటే తక్కువ ధరదైతే 18 శాతం, 3 శాతం.

ఈ రెండు అంకెల మధ్యే ఆదా అంతా కరిగిపోవచ్చు. ఏడాది కాగానే సొంతం చేసుకుంటే మన ఉద్యోగి ఇంకో 300 పౌండ్లు కట్టాలి. 864కు 300 కలిపితే 1,164. అంటే 1,200 పౌండ్ల సైకిల్ మీద మిగిలింది 36 పౌండ్లు! ఇంత కాగితాల పనికి ఆ మాత్రం కోసం ఎవరూ దిగరు.

అందుకే చాలా ప్రొవైడర్లు రెండో దారి చూపిస్తాయి. 7 శాతం, అంటే 84 పౌండ్లు డిపాజిట్‌గా తీసుకుని అద్దె ఒప్పందాన్ని మరో మూడేళ్లు పొడిగిస్తాయి. ఆ మూడేళ్లు నెలవారీ కోత ఉండదు. నాలుగేళ్లు నిండాక ఆ డిపాజిట్టే ధరగా మారి సైకిల్ మీదవుతుంది. వద్దనుకుని తిరిగిస్తే డిపాజిట్ వెనక్కి వస్తుంది. ఈ దారిలో మొత్తం ఖర్చు 948 పౌండ్లు, ఆదా 252 పౌండ్లు. అంటే 28 శాతం కాదు, 21 శాతం. 40 శాతం శ్లాబులో ఉన్నవారికి ఖర్చు 780, ఆదా 35 శాతం.

ఈ చివరి మొత్తాన్ని అందరూ ఒకేలా వసూలు చేయరు. నామమాత్రపు మొత్తంతో ముగించేవీ ఉన్నాయి, పొడిగింపుకు విడిగా ఫీజు అడిగేవీ ఉన్నాయి. యజమాని ప్రొవైడర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: ‘12 నెలల తర్వాత మా ఉద్యోగి ఇంకా ఎంత కట్టాలి, ఎవరికి కట్టాలి?’ జవాబు పౌండ్లలో, కాగితం మీద ఉండాలి.

‘ఉచితం’ అంటే దుకాణం కడుతోందని అర్థం

చాలా ప్రొవైడర్లు యజమాని దగ్గర రూపాయి తీసుకోవు. మరి వాటి ఆదాయం ఎక్కడిది? ఉద్యోగి వోచర్‌తో సైకిల్ కొన్న దుకాణం నుంచి కమీషన్ తీసుకుంటాయి. 10 శాతం కమీషన్ అనుకుంటే 1,200 పౌండ్ల సైకిల్‌పై దుకాణం వదులుకునేది 120 పౌండ్లు. చిన్న సైకిల్ దుకాణాల సంఘాలు ఏళ్లుగా దీనిపై అభ్యంతరం చెబుతున్నాయి.

దుకాణం సమస్యతో ఉద్యోగికేం పని అనుకోవచ్చు. పని ఉంది. కమీషన్ భరించలేని దుకాణాలు డిస్కౌంట్‌లో ఉన్న సైకిళ్లకు వోచర్ తీసుకోవు, లేదా అదనపు చార్జీ వేస్తాయి. పై ఉదాహరణలోని 1,200 పౌండ్ల సైకిల్‌నే సేల్‌లో 20 శాతం తగ్గించి 960కి అమ్ముతున్నారనుకోండి. నేరుగా డబ్బు పెట్టి కొంటే 960. పథకంలో పూర్తి ధరకు తీసుకుంటే 948. నాలుగేళ్ల ఒప్పందానికి మిగిలేది 12 పౌండ్లు. అదే సేల్ ధరకు వోచర్ చెల్లితే ఖర్చు దాదాపు 758కి దిగుతుంది. కాబట్టి సేల్ సరుకుకు వోచర్ చెల్లుతుందా, దుకాణం నుంచి ఎంత కమీషన్ తీసుకుంటారు అన్న రెండూ ప్రొవైడర్‌ను అడగాలి. రెండో ప్రశ్నకు నేరుగా జవాబు రాకపోతే ఆఫీసు పక్కనున్న సైకిల్ దుకాణంలో అడగండి. అక్కడ మొహమాటం లేకుండా చెబుతారు.

ఏ దుకాణాల్లో చెల్లుతుందన్నది మరో తేడా. సైకిల్‌స్కీమ్ అనే పెద్ద ప్రొవైడర్ వోచర్లు స్వతంత్ర దుకాణాలతో పాటు పెద్ద చైన్లలోనూ చెల్లుతాయి. హాల్‌ఫోర్డ్స్ స్వయంగా సైకిళ్లు అమ్మే చైన్. దాని పథకంలో సొంత దుకాణాలు, అదే గ్రూపులోని ట్రెడ్జ్‌కు ప్రాధాన్యం ఉన్నా, కొన్ని బయటి దుకాణాలూ ఉంటాయి. గ్రీన్ కమ్యూట్ ఇనిషియేటివ్ ఎలక్ట్రిక్, కార్గో సైకిళ్ల వైపు పేరు తెచ్చుకుంది. ఇందులో ఏది మేలన్నది మీ ఊరిని బట్టి మారుతుంది. ఉద్యోగుల్లో ఎక్కువమంది వెళ్లే దుకాణం జాబితాలో లేకపోతే ఎంత పెద్ద ప్రొవైడరైనా దండగే.

1,000 పౌండ్ల గీత

ఈ పథకంలో 1,000 పౌండ్లకు మించి తీసుకోకూడదని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. పన్ను చట్టంలో అలాంటి పరిమితి లేదు. అంతకు మించిన అద్దె ఒప్పందాలు ఇవ్వాలంటే ఆర్థిక నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ అనుమతి కావాలి, మామూలు కంపెనీలకు అది ఉండదు. అందుకని 1,000 దగ్గర గీత గీసుకునేవారు. అనుమతి ఉన్న ప్రొవైడర్ ద్వారా ఆ గీత దాటవచ్చని 2019 జూన్‌లో ప్రభుత్వ మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. మంచి ఎలక్ట్రిక్ సైకిల్ 1,000 పౌండ్లలో రావడం కష్టం కాబట్టి ప్రొవైడర్‌కు ఎఫ్‌సీఏ అనుమతి ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఎఫ్‌సీఏ వెబ్‌సైట్‌లోని రిజిస్టర్‌లో సంస్థ పేరు కొడితే నిమిషంలో తెలిసిపోతుంది.

మధ్యలో ఉద్యోగం మానేస్తే?

ఒప్పందంలో అందరూ చదవకుండా సంతకం పెట్టే పేరా ఇదే. సాధారణంగా మిగిలిన అద్దె మొత్తాన్ని చివరి జీతంలోంచి, అది కూడా పన్ను పోను మిగిలిన డబ్బులోంచి పట్టుకుంటారు. నాలుగు నెలలకే మానేస్తే మన ఉదాహరణలో అది 800 పౌండ్లు. దానిపై పన్ను ఆదా ఏమీ ఉండదు. కంపెనీయే ఉద్యోగం తీసేసిన సందర్భంలోనూ ఇలాగే చేస్తారా అన్నది యజమాని ముందుగా మాట్లాడుకోవాల్సిన షరతు. ఉద్యోగం పోయిన నెలలో 800 పౌండ్ల కోత చిన్న దెబ్బ కాదు.

దొంగతనం సంగతీ అంతే. సైకిల్ పోయినా కోత ఆగదన్నది చాలా ఒప్పందాల్లో ఉండే మాట. ఇన్సూరెన్స్ ఉద్యోగే చూసుకోవాలి. ఇంటి ఇన్సూరెన్స్ ఉంటే, మన పేరు మీద లేని అద్దె సైకిల్‌కు అది వర్తిస్తుందా అని అడిగి తెలుసుకోవాలి.

వర్క్ వీసా మీద ఉన్నవారు మరో అడుగు ముందే వేయాలి. శాలరీ శాక్రిఫైస్‌లో ఒప్పంద జీతమే కాగితం మీద తగ్గుతుంది. వీసాకు కనీస జీతం షరతు ఉండి, మీ జీతం ఆ గీతకు దగ్గరగా ఉంటే, సంతకం పెట్టే ముందే హెచ్‌ఆర్ నుంచి ఈమెయిల్‌లో స్పష్టత తీసుకోండి. 252 పౌండ్ల ఆదా కోసం వీసాను చిక్కుల్లో పెట్టుకోవడం తెలివైన పని కాదు. ఇంటి లోన్‌కు దరఖాస్తు చేయబోతున్నవారు, జీతాన్ని బట్టి పెన్షన్ లెక్కించే పథకాల్లో ఉన్నవారు కూడా ఈ తగ్గింపు ప్రభావం అడగాలి.

చిన్న కంపెనీ యజమానులకు

యజమానికీ లాభం ఉంది. వదులుకున్న జీతంపై కట్టాల్సిన 15 శాతం నేషనల్ ఇన్సూరెన్స్ మిగులుతుంది. 1,200 పౌండ్లకు అది 180. అదే సమయంలో సైకిల్ డబ్బు ముందుగా కట్టాల్సింది సాధారణంగా కంపెనీయే. పదిమంది ఒకేసారి తీసుకుంటే 12,000 పౌండ్లు బయటకు వెళ్లి ఏడాది పొడవునా నెమ్మదిగా తిరిగొస్తాయి. చేతిలో అంత నగదు ఆడని కంపెనీలు వాయిదాల సదుపాయం ఇచ్చే ప్రొవైడర్‌ను వెతుక్కోవడం, లేదా ఏడాదిలో రెండు మూడు విడతలుగా మాత్రమే పథకాన్ని తెరవడం నయం.

అసలు ప్రొవైడర్ తప్పనిసరి కూడా కాదు. హెచ్‌ఎంఆర్‌సీ ముందస్తు అనుమతి అవసరం లేదు. ప్రభుత్వ రవాణా శాఖ యజమానుల కోసం మార్గదర్శకాలు ప్రచురించింది. ఇద్దరు ముగ్గురు ఉద్యోగులున్న కంపెనీ 1,000 పౌండ్ల లోపు సైకిళ్లకు అకౌంటెంట్ సాయంతో సొంతంగానే నడుపుకోవచ్చు. సొంత లిమిటెడ్ కంపెనీ పెట్టుకుని డైరెక్టర్‌గా తక్కువ జీతం తీసుకునే ఐటీ కాంట్రాక్టర్లకైతే జీతంలో కోతతో ఒరిగేది తక్కువ. వారు కంపెనీ పేరుతోనే సైకిల్ కొని వాడుకునే దారి గురించి అకౌంటెంట్‌ను అడగాలి.

ఇప్పటికే ఒక ప్రొవైడర్‌తో ఉన్న కంపెనీ వేరొకరికి మారాలనుకుంటే, పాత ఒప్పందాల కింద నడుస్తున్న సైకిళ్లు పాత ప్రొవైడర్ దగ్గరే వాటి గడువు దాకా కొనసాగుతాయా, పొడిగించిన మూడేళ్ల కాలంలో ఆ సంస్థ మూతపడితే సైకిళ్ల యాజమాన్యం ఎవరికి వస్తుంది అన్న రెండు విషయాలను రాతపూర్వకంగా తేల్చుకున్నాకే కొత్త ఒప్పందంపై సంతకం చేయాలి.