తిలోనియా అమ్మమ్మల సోలార్ చదువు

కరెంటు రాకముందు ఇంట్లో వెలుగు ఎవరి చేతిలో ఉండేదో ఒకసారి గుర్తు చేసుకోండి. పొద్దు వాలేలోగా లాంతరు చిమ్నీలు తీసి ముగ్గుపిండితో తుడవడం, ఒత్తి సమంగా కత్తిరించడం, కిరసనాయిలు ఎంత పోస్తే తెల్లారేదాకా వస్తుందో అంచనా వేయడం, ఇవన్నీ ఆడవాళ్ల పనులే. కరెంటు వచ్చాక ఆ చాకిరీ పోయింది, మంచిదే. దాంతోపాటు ఆ తెలివిడి కూడా మన చేతుల్లోంచి జారిపోయింది. స్తంభం ఎక్కేది లైన్‌మన్, ఫ్యూజు వేసేది ఇంట్లో మగవాళ్లు, ఫ్యాను తిరక్కపోతే ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా విసనకర్రే గతి. ఇంటి వెలుగు మళ్లీ ఆడవాళ్ల చేతికి వచ్చిన ఒక ఊరి చరిత్ర ఉంది. దాని గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

ఆ ఊరు తిలోనియా, రాజస్థాన్‌లోని అజ్మీర్ జిల్లాలో ఉంది. ఎండకు కరువు లేదు, నీళ్లకే కరువు. 1972లో బంకర్ రాయ్ అనే యువకుడు అక్కడ ఒక సంస్థ మొదలుపెట్టాడు. పెద్దింటి బిడ్డ, ఢిల్లీలో పెద్ద కాలేజీ చదువు, స్క్వాష్ ఆటలో జాతీయ ఛాంపియన్. అలాంటివాడు పల్లెకు వెళ్లి బావుల పని పట్టుకున్నాడు. ఆయన భార్య అరుణా రాయ్ కూడా ఐఏఎస్ ఉద్యోగం వదిలేసి అక్కడికే వచ్చేశారు. తర్వాత సమాచార హక్కు చట్టం కోసం పోరాడిన అరుణా రాయ్ ఆవిడే. ఆ సంస్థే బేర్‌ఫుట్ కాలేజ్‌గా పేరుపడింది. చెప్పులు లేనివాళ్ల కాలేజీ అన్నమాట. డిగ్రీలు అడగరు, ఇవ్వరు.

అక్కడ వెలుగు అవసరం బడి దగ్గర గట్టిగా తెలిసొచ్చింది. పగలంతా మేకలు, గొర్రెలు కాసే పిల్లలు బడికి వచ్చేది రాత్రిపూటే. వాళ్లలో ఆడపిల్లలే ఎక్కువ. ఆ రాత్రి బడుల్లో కిరసనాయిలు దీపాల పొగ పోయి సోలార్ లాంతర్లు వచ్చాయి. సూర్యుడి వెలుతురును కరెంటుగా మార్చే సిలికాన్ సెల్‌ను అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో 1954లో లోకానికి చూపించారు. మొదట్లో అది ఉపగ్రహాలకు తగ్గ ఖరీదు వస్తువు. అలాంటిది తిలోనియాలో 1980ల నాటికే సోలార్ పని మొదలైంది.

ప్యానెల్ పెట్టడం పెద్ద విషయం కాదు, ఎవరో వచ్చి పెట్టి పోతారు. ఆర్నెల్లకు బ్యాటరీ మొరాయిస్తే ఎవరు చూడాలి? అసలు చిక్కు అక్కడుంది. ఊళ్లోని కుర్రాళ్లకు నేర్పిస్తే పని రాగానే పట్నం బస్సెక్కేస్తారని బంకర్ రాయ్ చాలాసార్లు చెప్పారు. అందుకని నడివయసు ఆడవాళ్లను, అమ్మమ్మలను, నాయనమ్మలను ఎంచుకున్నారు. వాళ్లలో చాలామందికి అక్షరం రాదు. చదువు ఆర్నెల్లు.

అక్షరం లేకుండా ఇంజినీరింగ్ ఎలా నేర్పారన్నదే నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం. రంగులతో, బొమ్మలతో, సైగలతో నేర్పారు. సర్క్యూట్ బోర్డు మీద ఉండే రెసిస్టర్ల విలువను అంకెల్లో రాయరు, రంగు గీతల్లో చూపిస్తారు. నలుపంటే సున్నా, గోధుమరంగు ఒకటి, ఎరుపు రెండు, నారింజ మూడు. ప్రపంచమంతటా ఇదే లెక్క. పూసలు గుచ్చిన చేతికి, ముగ్గులో చుక్క తప్పని కంటికి ఇది కొత్త భాష కాదు కదా! ఇక కంసాలి టంకం పెట్టినట్టు ఒక్కో ముక్కను బోర్డుకు అతికించాలి. అలా వాళ్లే చార్జ్ కంట్రోలర్ తయారు చేస్తారు. బ్యాటరీ నిండగానే ప్యానెల్ నుంచి వచ్చే కరెంటును ఆపేదీ, మరీ అడుగంటకముందే బల్బులు ఆర్పేసేదీ అదే. పొయ్యి మీద పాలు పొంగకుండా, మాడకుండా చూసుకునే మనిషిలాంటిది.

ఊరి కట్టుబాటు కూడా గట్టిదే. పంపేముందే ఊరంతా కూర్చుని, కిరసనాయిలుకూ, కొవ్వొత్తులకూ, టార్చి బ్యాటరీలకూ నెలనెలా ఎంతవుతోందో లెక్క వేసుకుంటారు. వెలుగు వచ్చాక ఇంటింటి నెల రుసుము ఆ లెక్కను బట్టే ఉంటుంది. మరమ్మతులు చేసే ఆడమనిషి జీతం అందులోంచే వస్తుంది. ఈ ఏర్పాటు లేకపోతే నేర్చుకున్న పని కూడా ఇంటి చాకిరీలో కలిసిపోయేదేమో.

2005లో అఫ్ఘానిస్తాన్ నుంచి ఆడవాళ్లు వచ్చారు. 2008 నుంచి భారత ప్రభుత్వం ఐటెక్ పథకం కింద ఖర్చులు భరించడంతో ఆఫ్రికా దేశాల నుంచి బృందాలు బృందాలుగా వచ్చారు. ఒకరి మాట ఒకరికి తెలియదు. ఊరు దాటని మనుషులు విమానమెక్కి వచ్చి ఆర్నెల్లు రాజస్థాన్ రొట్టె తిని, వెనక్కి వెళ్లి ఇళ్లకు దీపాలు పెట్టారు.

అయినా నాకొక మాట గుచ్చుకుంటూనే ఉంటుంది. ఆడవాళ్లయితే ఊరు వదిలిపోరు అన్నది మెచ్చుకోలా, లేక వాళ్లు పోలేరన్న నిజాన్ని వాడుకోవడమా? 2012లో వచ్చిన 'సోలార్ మామాస్' అనే డాక్యుమెంటరీలో జోర్డాన్ ఎడారి పల్లె నుంచి వచ్చిన రఫేయా ఉంది. నలుగురు ఆడపిల్లల తల్లి. చదువు మధ్యలో ఉండగానే, వెనక్కి రాకపోతే విడాకులిచ్చి పిల్లల్ని తీసుకుంటానని భర్త బెదిరించాడు. ఆవిడ వెళ్లిపోయింది. మళ్లీ తిరిగొచ్చి చదువు పూర్తి చేసింది. అమ్మమ్మలనే ఎందుకు ఎంచుకున్నారో ఆవిడను చూస్తే అర్థమవుతుంది. పిల్లలు పెద్దవాళ్లయి, అత్తగారి కాపలా తగ్గాకే చాలామంది ఆడవాళ్లకు ఆర్నెల్ల సమయం దొరుకుతుంది. బంకర్ రాయ్ చెప్పిన కారణం కన్నా ఈ కారణమే నాకు బలంగా కనిపిస్తుంది.

ఇప్పుడు మన డాబాల మీదికీ సోలార్ వస్తోంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది. ఎన్ని కిలోవాట్లు కావాలన్నది అమ్మేవాడే చెప్పక్కర్లేదు, అది పచారీ సామాన్ల పద్దు కన్నా తేలిక. 9 వాట్ల బల్బులు నాలుగు, రోజుకు 5 గంటలు వెలిగితే 180 వాట్-అవర్లు. 75 వాట్ల ఫ్యాన్లు రెండు, 10 గంటలు తిరిగితే 1,500. ఫ్రిజ్‌కు సుమారు 1,000 వేసుకోండి. మొత్తం 2,680, అంటే యూనిట్లలో చెప్పాలంటే రెండున్నర పైచిలుకు. మంచి ఎండలో కిలోవాట్ ప్యానెల్ రోజుకు దాదాపు 4 యూనిట్లు ఇస్తుంది, కాబట్టి ఈ ఇంటికి ఒక కిలోవాట్ చాలు. ఏసీ ఉంటే లెక్క మారిపోతుంది, గంటకు ఒకటిన్నర యూనిట్ దాకా అదే మింగేస్తుంది. ప్యానెళ్లు దక్షిణం వైపు చూడాలి. వాలు దాదాపు ఊరి అక్షాంశమంత, హైదరాబాద్‌కైతే 17 డిగ్రీలు. ఇంకో సంగతి, బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన సోలార్ వీధిలో కరెంటు పోతే తానూ ఆగిపోతుంది. ఎండ ఉన్నా అంతే. లైను మీద పనిచేసే మనిషికి షాకు తగలకూడదని అలా పెట్టారు. ఈ ముక్క ముందే తెలియక, బోల్డంత డబ్బు పోశాక ఉక్కపోతలో కూర్చుని తిట్టుకున్నవాళ్లను చూశాను.

మా వీధిలో మూడిళ్లకు ప్యానెళ్లున్నాయి. రోజుకెన్ని యూనిట్లు వస్తున్నాయో చూపించే యాప్ మూడిళ్లలోనూ మగవాళ్ల ఫోన్లలోనే ఉంది. ఎండ ఎక్కకముందే డాబా ఎక్కి వాటి మీద దుమ్ము కడిగేది మాత్రం ఆడవాళ్లు.