సిద్దిపేటలోని ఒత్తు: అచ్చు సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

సిద్దిపేట పేరు తెలుగు అచ్చులో రెండు విధాలుగా కనిపిస్తుంది. ఒకచోట దకారం కింద ద ఒత్తు (సిద్దిపేట), మరొకచోట ధ ఒత్తు (సిద్ధిపేట). ‘సిద్ధి’ అనే సంస్కృత పదాన్ని చూపి రెండోదాన్ని సమర్థించవచ్చు. వాడుకలోని పలుకుబడిని చూపి మొదటిదాన్ని సమర్థించవచ్చు. ఆ వాదానికి ముందు తేలవలసినది మరొకటి ఉంది. కాగితం మీద ఉన్నది ఏ ఒత్తో రూఢిగా చెప్పడం సాధ్యమేనా? పరిశీలనకు ‘ములుగు, సిద్దిపేట జిల్లా’ అనే చిరునామా పంక్తి అనువుగా ఉంది. ములుగులో మూడు కొమ్ములే తప్ప ఒత్తు లేదు. పక్కనే ఒత్తున్న మాట ఉంది.

1. కాలం. సిద్దిపేట జిల్లా 2016 అక్టోబర్ 11న ఏర్పడింది. అంతకుముందు ఈ ములుగు మెదక్ జిల్లాలోది. 2019 ఫిబ్రవరి 17న జిల్లా అయిన ములుగు వేరు. అది పూర్వపు వరంగల్ జిల్లాలోది. పాత కాగితాల్లో జిల్లా పేరు చూడకుండా ఈ రెంటినీ కలిపేసే ప్రమాదం లేకపోలేదు. ఏమైనా, పై పంక్తి ఉన్న కాగితం 2016 అక్టోబర్‌కు ముందుది కావడానికి అవకాశం చాలా తక్కువ. అప్పటికి సీసపు అక్షరాల కూర్పు దాదాపు కనుమరుగైంది. కాబట్టి ఈ పంక్తిలోని తేడాకు కారణాన్ని కంప్యూటర్ కూర్పులో గాని, రాసిచ్చిన ప్రతిలో గాని వెతకడమే సమంజసం.

2. పాయింట్. అక్షర పరిమాణానికి కొలత ఇది. ఫ్రాన్స్‌లో అక్షరాల తయారీదారు ఫూర్నియే 1737లో అక్షర పరిమాణాల పట్టిక ఒకటి ప్రకటించాడు. తరువాత వచ్చిన దిదో పాయింట్ సుమారు 0.376 మిల్లీమీటర్లు. అమెరికా అక్షరాల తయారీదారులు 1886లో ఒప్పుకున్నది సుమారు 0.3515. నేటి కంప్యూటర్ పాయింట్ అంగుళంలో 72వ వంతు, అంటే 0.3528. పాత పుస్తకం, కొత్త కరపత్రం రెండూ ‘12 పాయింట్’ అన్నంత మాత్రాన ఒకే ఎత్తు అనుకోకూడదు. అయితే చివరి రెంటి మధ్య తేడా 12 పాయింట్లకు మిల్లీమీటరులో అరవయ్యో వంతు లోపే, కంటికి ఆనదు. అసలు చిక్కు వేరే ఉంది. పాయింట్ కొలిచేది అక్షరాన్ని కాదు, అక్షరం కూర్చున్న గడిని. ఆ గడిలోనే గుడి పైన, ఒత్తు కింద సర్దుకోవాలి గనుక, ఫాంటు మారితే అదే 12 పాయింట్లలో ఒత్తు పరిమాణమూ మారుతుంది.

3. లీడింగ్. పూర్వం పంక్తుల మధ్య పెట్టిన సీసపు పట్టీల పేరు మీదుగా వచ్చిన మాట. పేజ్‌మేకర్‌ అనే పేజీ కూర్పు సాఫ్ట్‌వేర్‌లో దీని స్వయంచాలక విలువ 120 శాతం; 12 పాయింట్లకు 14.4. ఒత్తులు లేని లిపికి అది చాలవచ్చు. ములుగు అన్న మాటకూ చాలుతుంది. ‘ద్ది’ కింద గుడులున్న పంక్తి వస్తే మాత్రం, పేజీలో చోటు కోసం లీడింగ్ తగ్గించినప్పుడు, పై ఒత్తు కింది గుడిని తాకే అవకాశం ఉంది.

4. డీపీఐ. అంగుళానికి పడే చుక్కల లెక్క. 300 డీపీఐ లేజర్ ప్రింటర్ మీద 8 పాయింట్ల గడి ఎత్తు సుమారు 33 చుక్కలు. ఒత్తుకు అందులో మూడో వంతు దక్కిందనుకుంటే 11. ద, ధ ఒత్తులను వేరు చేసేది కింది చిన్న గీత ఒక్కటే. దానికి మిగిలేది బహుశా రెండు చుక్కలు, కొన్ని ఫాంట్లలో ఒకటే. సిరా పీల్చే నాసి కాగితం మీద అది పక్కకు అలుముకుంటే ద ఒత్తు ధ ఒత్తులా, ధ ఒత్తు ద ఒత్తులా కనిపించడం అసంభవం కాదు. చిన్న అక్షరాల కరపత్రం కన్నా ఫ్లెక్సీ ఇక్కడ మెరుగైన సాక్షి. దాని డీపీఐ తక్కువే అయినా అక్షరం ఎన్నో రెట్లు పెద్దది.

5. ఎన్‌కోడింగ్. అచ్చు కాగితం కాక ఫైలే దొరికితే? యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లతో కూర్చిన ఫైలులో ఉండేది అక్షరాల ముక్కల వరుస. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అది అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది. యూనికోడ్‌కు మార్చే సాధనం పొరబడితే ఒత్తూ మారవచ్చు. యూనికోడ్ ఫైలు ఇంతకన్నా గట్టి ఆధారం. ‘సిద్దిపేట’ అందులో తొమ్మిది సంకేతాలు: స, గుడి, ద, పొల్లు, ద, గుడి, ప, ఏత్వం, ట. ‘సిద్ధిపేట’లో మారేది ఐదోది ఒక్కటే. ద సంఖ్య 3110, ధ సంఖ్య 3111. కంటికి ఆనని తేడా ఇక్కడ అంకెల్లో తేలిపోతుంది.

అయినా ఆ అంకె చెప్పేది టైపు చేసినది ఏమిటన్నదే, రాయదలచినది ఏమిటన్నది కాదు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ద, ధ రెండూ ఒకే మీట మీద ఉంటాయి. షిఫ్ట్ నొక్కితే ధ. ఒక వేలు తడబడినా రూపం మారుతుంది. అందువల్ల ఒకే ఫైలులో ఆ పేరు పలుమార్లు ఒకే రీతిగా వచ్చినప్పుడు మాత్రమే దాన్ని టైపు చేసినవారి ఎంపికగా లెక్కించడం మేలు. ఒక్కసారే వచ్చిన రూపాన్ని, అందునా 8 పాయింట్ల అచ్చులోదాన్ని, ఏ పక్షానికీ సాక్ష్యంగా తీసుకోలేం.