బేస్ గిటార్ ట్యూబ్ ప్రీయాంప్ పెడల్

బేస్ గిటార్ పికప్ నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని వాక్యూమ్ ట్యూబ్‌తో పెంచి, నాదాన్ని మలిచే చిన్న పెట్టె ట్యూబ్ ప్రీయాంప్ పెడల్. ఇందులోని ట్యూబ్ పాత వాల్వు రేడియోల్లో వెలిగిన గాజు గొట్టాల జాతిదే. వాయించేవారు దీన్ని కాళ్ల దగ్గర ఉంచుకుని యాంప్లిఫయర్‌కు గానీ, నేరుగా మిక్సర్‌కు గానీ కలుపుకుంటారు.

బేస్ గిటార్ పెరిగిందే ట్యూబుల నీడన. లియో ఫెండర్ 1951లో ప్రిసిషన్ బేస్‌ను, మరుసటి ఏడాది దానికోసం బేస్‌మన్ యాంప్లిఫయర్‌ను తెచ్చారు. 1960లో ఆంపెగ్ సంస్థ బి-15, 1969లో 300 వాట్ల ఎస్‌వీటీ యాంప్లిఫయర్లు వచ్చాయి. ఎస్‌వీటీ ఉరుము రాక్ సంగీతంలో బేస్ నాదానికి కొలమానమైంది. అయితే దాని హెడ్ (స్పీకర్ లేని యాంప్లిఫయర్ పెట్టె) ఒక్కటే దాదాపు 40 కిలోలు తూగుతుంది, స్పీకర్ పెట్టె బరువు వేరే. ఆ నాదంలో కొంత భాగాన్నైనా సంచిలో వేసుకుని వెళ్లాలన్న కోరికే ఈ పెడల్‌కు మూలం. కొంత భాగమే అనడానికి కారణం ఉంది: పెద్ద యాంప్లిఫయర్లలోని పవర్ ట్యూబులు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా నాదాన్ని మారుస్తాయి. అవి పెడల్‌లో ఉండవు.

ఎక్కువ పెడళ్లలో కనిపించేది 12ఏఎక్స్7. ఈ రకం ట్యూబ్‌లో ఒకే గాజు గొట్టంలో రెండు ట్రయోడ్‌లు, అంటే సంకేతాన్ని పెంచే భాగాలు, ఉంటాయి. ఒక్కోదాని వర్ధన గుణకం సుమారు 100. సంకేతం పెద్దదయ్యేకొద్దీ ట్రయోడ్ తరంగం పైభాగాన్నీ కిందిభాగాన్నీ సమానంగా పెంచదు. ఆ అసమానత నుంచే ప్రధానంగా రెండో హార్మోనిక్ (మూల స్వరానికి రెట్టింపు పౌనఃపున్యం) పుడుతుంది. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా మందమైన ఇ తీగ 41.2 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, దాని రెండో హార్మోనిక్ 82.4 హెర్ట్జ్. చిన్న స్పీకర్లు 41 హెర్ట్జ్‌ను దాదాపు పలికించలేవు. కానీ పై హార్మోనిక్స్ వినిపిస్తే చాలు, మన చెవి వాటి మూల స్వరాన్ని తానే ఊహించుకుంటుంది. గిటార్లు, డ్రమ్స్ హోరులో కూడా బేస్ స్వరం ఏదో పోల్చుకోగలగడం ఈ పెడల్ చేసే అసలు మేలు. ‘వెచ్చదనం’ అని అందరూ చెప్పుకునే గుణం వెనక ఉన్నదీ చాలావరకు ఇదే.

మితిమీరితే అదే గుణం చెడుపు చేస్తుంది. గెయిన్ (సంకేతాన్ని పెంచే మోతాదు) బాగా పెంచి రెండు స్వరాలు కలిపి వాయిస్తే, వాటి పౌనఃపున్యాల మొత్తానికీ తేడాకూ సమానమైన కొత్త స్వరాలు పుట్టి నాదం బురదగా మారుతుంది. అందుకే బేస్ పెడళ్లలో బ్లెండ్ నాబ్ విలువైనది. అది ట్యూబ్ గుండా పోయిన నాదానికి శుభ్రమైన మూల నాదాన్ని కలిపి, అడుగు స్వరాల బలాన్ని నిలబెడుతుంది. వేళ్లతో మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా లాగితే కాస్త గరుకుగా పలికే చోట గెయిన్‌ను ఆపడం మంచి పద్ధతి. ఆ తర్వాతే ఈక్వలైజర్ ముట్టుకోవాలి. ఒంటరిగా సాధన చేసేటప్పుడు మిడ్ (మధ్య పౌనఃపున్యాలు) తగ్గిస్తే నాదం అందంగా అనిపిస్తుంది గానీ, బృందంలో బేస్ వినబడకుండా పోయేది సాధారణంగా ఆ పనివల్లే.

మిక్సర్‌కు నేరుగా పంపడానికి చాలా పెడళ్లకు డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) అవుట్‌పుట్ ఉంటుంది. బేస్ స్పీకర్ పెట్టెలు పై పౌనఃపున్యాలను సహజంగానే తగ్గిస్తాయి. ఆ వడపోత లేకుండా గరుకు నాదాన్ని నేరుగా పంపితే చెవికి గుచ్చుకుంటుంది. అలాంటప్పుడు స్పీకర్ అనుకరణ వలయం తప్పనిసరి.

12ఏఎక్స్7 ఫిలమెంట్‌కే దాదాపు 1.9 వాట్లు కావాలి. 9 వోల్టుల బ్యాటరీ దాన్ని ఎక్కువసేపు మోయలేదు కాబట్టి తగిన అడాప్టర్ వాడాలి. ప్లేట్ వోల్టేజీ కూడా ముఖ్యమే. కొన్ని పెడళ్లు అంతర్గత వలయంతో దాన్ని 200 వోల్టుల స్థాయికి పెంచుతాయి. ఫ్రాన్స్‌కు చెందిన టూ నోట్స్ సంస్థ ‘లె బేస్’ ఈ కోవలోది. తక్కువ వోల్టేజీతో నడిచేవి త్వరగా గరుకెక్కుతాయి, మీటులోని హెచ్చుతగ్గులను అంతగా చూపలేవు. టెక్ 21 శాన్స్‌యాంప్, డార్క్‌గ్లాస్ మైక్రోట్యూబ్స్ పెడళ్లలో అసలు ట్యూబే ఉండదు. అవి సెమీకండక్టర్లతో పనిచేస్తాయి, మంచి నాదమే ఇస్తాయి.

ట్యూబ్ ప్రకంపనలను కూడా సంకేతంగా పట్టుకోగలదు. పెడల్‌ను బేస్ స్పీకర్ పెట్టె మీద పెడితే గణగణ శబ్దమో, ఊళో వినిపించవచ్చు. పెన్సిల్‌తో ట్యూబ్‌ను మెల్లగా తట్టినప్పుడు స్పీకర్‌లో గంటలా గట్టిగా మోగితే ఆ ట్యూబ్‌ను మార్చడం మంచిది. చాలా పెడళ్లలో 12ఏఎక్స్7 బదులు సుమారు 20 గుణకం ఉన్న 12ఏయూ7ను అదే సాకెట్‌లో అమర్చవచ్చు. తయారీదారు అనుమతి చూసుకుని మారిస్తే, గెయిన్ తగ్గి శుభ్రమైన నాదానికి మరింత చోటు దొరుకుతుంది.