మస్టర్‌లోని పేరు ఎవరిది?

సమాచార హక్కు చట్టానికి 2005 జూన్ 15న ఢిల్లీలో రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. అయితే దానికి పురుడు పోసింది ఢిల్లీ కాదు, రాజస్థాన్‌లోని కరవు పనుల కూలీలు. ఈ చరిత్రను మరచిపోతే, నేడు ఆ చట్టం నుంచి ఏం జారిపోతున్నదో మనకు అర్థం కాదు.

1923లో వలస పాలకులు అధికార రహస్యాల చట్టం తెచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక పాలకులు మారారు గానీ, దస్త్రం సర్కారు సొత్తన్న భావన మారలేదు. 1975లో రాజ్ నారాయణ్ కేసులో, ప్రభుత్వం చేసే ప్రతి పనినీ తెలుసుకునే హక్కు ప్రజలకున్నదని జస్టిస్ కె.కె. మాథ్యూ స్పష్టం చేశారు. గొప్ప తీర్పే. కానీ దరఖాస్తు ఎవరికివ్వాలి, ఎన్నాళ్లలో జవాబు రావాలి, ఇవ్వనివారికి శిక్షేమిటి అన్న ప్రశ్నలకు అందులో సమాధానం లేదు.

ఆ ప్రశ్నలను కూలీలే ముందుకు తెచ్చారు. కనీస వేతనం ఎందుకివ్వరని నిలదీస్తే, మీరు చేసిన పని అంతేనని రికార్డు చెబుతోందన్నారు అధికారులు. ఆ రికార్డు చూపమంటే రహస్యమన్నారు. 1990 మే 1న అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ తదితరులతో ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఈ గోడనే ఢీకొట్టింది. 1994 డిసెంబర్‌లో పాలి జిల్లా కోట్ కిరానాలో తొలి ‘జన్ సున్‌వాయీ’ జరిపింది. సంపాదించిన మస్టర్లను, బిల్లులను ఊరి నడుమ చదివి వినిపించింది. పనికే రానివారి పేర్లు కూలీల జాబితాలో కనిపించాయి. అక్షరం రాని జనం విని, ఏది అబద్ధమో అక్కడే తేల్చారు.

1995 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి భైరోన్ సింగ్ షెకావత్ రికార్డుల నకళ్లు ఇస్తామని శాసనసభలో హామీ ఇచ్చారు. ఏడాది గడిచినా అది అమలు కాలేదు. 1996 ఏప్రిల్ 6న బ్యావర్ పట్టణంలో 40 రోజుల ధర్నా మొదలైంది. ‘హమారా పైసా, హమారా హిసాబ్’ అన్న నినాదం దేశమంతటికీ చేరింది. 1997లో తమిళనాడు, గోవా చట్టాలు చేశాయి. పార్లమెంటు 2002లో ఆమోదించిన సమాచార స్వేచ్ఛా చట్టం మాత్రం అమలుకే నోచుకోలేదు. చివరకు 2005 చట్టం 30 రోజుల గడువును, జాప్యం చేసిన అధికారికి జరిమానాను తెచ్చింది. ఉపాధి హామీ పనులపై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాగిన సామాజిక తనిఖీలు కోట్ కిరానా పద్ధతికి కొనసాగింపే.

2019 సవరణతో సమాచార కమిషనర్ల పదవీకాలం, జీతభత్యాలు కేంద్రం చేతిలోకి వెళ్లాయి. అంతకన్నా లోతైన దెబ్బ 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ద్వారా తగిలింది. ప్రజా కార్యకలాపాలతో సంబంధం లేని, లేదా వ్యక్తి ఏకాంతంలో అకారణంగా చొరబడే సమాచారాన్ని మాత్రమే నిరాకరించవచ్చని మూల చట్టంలోని 8(1)(జె) చెప్పింది. శాసనసభకు నిరాకరించలేనిది పౌరుడికీ నిరాకరించరాదని కూడా అన్నది. సవరణ ఈ షరతులన్నిటినీ తుడిచివేసి, వ్యక్తిగత సమాచారమన్న ఒక్క మాటనే మిగిల్చింది.

ప్రజాహితం మిన్న అయితే సమాచారమిచ్చే 8(2) ఇంకా ఉన్నదని ప్రభుత్వం అంటున్నది. నిజమే. కానీ ఆ హితాన్ని మొదట తూచేది దస్త్రం దాచే అధికారే. గోప్యత కూడా పౌరుడి హక్కే, దానిని కాదనలేం. అయితే మస్టర్‌లోని పేరు వ్యక్తిగతమా? పేర్లు తీసేసిన మస్టర్‌లో మిగిలేది అంకెలే. దొంగ పేరును గుర్తుపట్టి లేచి నిలబడే ఊరు, అంకెను చూసి ఏమని సాక్ష్యం చెబుతుంది?