మళ్ళీ మట్టిదారికి: సూపర్‌మోటో, ఎండ్యూరో బండ్ల ఉమ్మడి చరిత్ర

తారు రోడ్డు మీద పదునైన మలుపులు తిరగడానికి తయారైన సూపర్‌మోటో మోటారుసైకిలును విప్పి, రాళ్ళూ బురదా నిండిన అడవిదారుల్లో నడిచే ఎండ్యూరో బండిగా మలచుకోవడం ఐరోపా, అమెరికా రైడర్లలో చాలాకాలంగా ఉన్న అలవాటు. పైకి ఇది బండి స్వభావానికి ఎదురీదే పనిలా కనిపిస్తుంది గానీ, సూపర్‌మోటో పుట్టిందే మట్టిబండికి తారు టైర్లు తొడగడంతో కనుక, ఈ మార్పు వల్ల బండి నిజానికి తన తొలి రూపానికే చేరుకుంటుంది.

ఎండ్యూరో ఈ రెండింటిలో చాలా పాతది. 1913లో ఇంగ్లండ్‌లోని కార్లైల్‌లో మొదలైన అంతర్జాతీయ ఆరు రోజుల ట్రయల్ దీనికి మూలం. ఈ పోటీలో రైడరు నిర్ణీత సమయానికి ఒక్కో తనిఖీ కేంద్రాన్ని చేరుకోవాలి, ఆలస్యమైతే మార్కులు కోల్పోతాడు. బండి చెడితే దాన్ని తన చేతులతోనే, పోటీ సమయం లోపలే బాగుచేసుకోవాలి. కీలక భాగాలను గుట్టుగా మార్చకుండా నిర్వాహకులు వాటికి ముందే గుర్తులు వేసేవారు. దారి కష్టానికీ, యంత్రం మన్నికకూ, మనిషి ఓర్పుకూ కలిపి పెట్టిన ఈ పరీక్షకు 1981లో ఆరు రోజుల ఎండ్యూరో అన్న పేరు స్థిరపడింది.

ప్రత్యేకంగా మట్టిదారుల కోసమే చేసిన తేలికపాటి బండ్లు విరివిగా దొరకని రోజుల్లో, రోడ్డు బండిని మట్టికి తగ్గట్టు మార్చుకోవడమే మార్గం. కాలిఫోర్నియా ఎడారి పందేల కోసం బరువైన బ్రిటిష్ ట్రయంఫ్ బండ్లకు పొగగొట్టం పైకెత్తి, ఇంజను కింద రక్షణ పలక బిగించి, వెడల్పాటి హ్యాండిల్‌బార్ అమర్చేవారు. ఇలాంటి బండ్లకు డెజర్ట్ స్లెడ్ అనే పేరు వచ్చింది. 1964లో తూర్పు జర్మనీలోని ఎర్‌ఫుర్ట్‌లో జరిగిన ఆరు రోజుల ట్రయల్‌కు అమెరికా జట్టు వెళ్ళింది కూడా ట్రయంఫ్‌ల మీదే. ఆ జట్టులో సినిమా నటుడు స్టీవ్ మెక్వీన్ ఉన్నందువల్ల చాలామందికి ఆ పోటీ ఆయన పేరుతోనే గుర్తుంది. కానీ ఆయన ప్రమాదం పాలై మధ్యలోనే వైదొలగగా, బంగారు పతకాలతో తిరిగివచ్చిన వారు డేవ్ ఎకిన్స్, క్లిఫ్ కోల్‌మన్. 1968లో యమహా డీటీ-1 మార్కెట్లోకి రావడంతో, తారునూ మట్టినీ రెండింటినీ తట్టుకునే తేలిక బండి సామాన్యుడికి కంపెనీ నుంచే నేరుగా అందింది.

దీనికి ఎదురు దిశలో నడిచిన కథ 1979లో మొదలైంది. రోడ్డు పందెగాడు, మట్టిదారి మోటోక్రాస్ వీరుడు, నున్నటి మట్టి వలయంలో జారుతూ తిరిగే డర్ట్ ట్రాక్ ఆటగాడు, ఈ ముగ్గురిలో అసలైన దిట్ట ఎవరో తేల్చడానికి గావిన్ ట్రిప్ అనే నిర్వాహకుడు కాలిఫోర్నియాలోని కార్ల్స్‌బాడ్‌లో సూపర్‌బైకర్స్ పోటీ పెట్టాడు. ట్రాకులో కొంత తారు, కొంత మట్టి ఉండేవి. మోటోక్రాస్ యోధుడు కెంట్ హొవర్టన్ తొలి విజేత. ఏబీసీ టెలివిజన్ ప్రసారం చేసిన ఈ పోటీ 1985తో అమెరికాలో ఆగిపోయినా, ఫ్రాన్స్ దాన్ని సూపర్‌మోటార్డ్ పేరుతో అక్కున చేర్చుకుని పెంచింది. 2002లో ప్రపంచ చాంపియన్‌షిప్ ఏర్పడింది. ఈ క్రీడను బతికించిన ఘనత ఫ్రెంచివారికే దక్కాలి.

పందెం నుంచి ఈ రూపం వీధికీ దిగింది. సుజుకి తన 398 సీసీ మట్టిబండి డీఆర్‌జెడ్ 400 ఎస్‌ను ఆధారం చేసుకుని, 2005లో ఎస్‌ఎం అనే సూపర్‌మోటో రూపాన్ని విడుదల చేసింది. ఒకే ఇంజనుతో రెండు బండ్లు పక్కపక్కనే అమ్ముడైన ఈ ఉదాహరణలో మార్పిడి అంటే ఏమిటో స్పష్టంగా తెలుస్తుంది.

అన్నిటికంటే ముందు మారేది చక్రం. ఎస్‌ఎంకు ముందూ వెనుకా 17 అంగుళాల చక్రాలు. ఎస్‌కు ముందు 21, వెనుక 18. పెద్ద చక్రం రాయినీ గుంటనూ తక్కువ కోణంలో తాకి సులువుగా దాటుతుంది, సన్నటి టైరు మెత్తటి మట్టిని కోసుకుంటూ పట్టు చిక్కించుకుంటుంది. మోటోక్రాస్ బండికి వెనుక 19 అంగుళాల చక్రం వాడినా ఎండ్యూరోకు 18నే ఎంచుకోవడానికి కారణం, ఎత్తైన టైరు గోడ రాతి దెబ్బకు రిమ్మునూ ట్యూబునూ కాపాడటం. టైరు కొలతలను బట్టి లెక్క కడితే, ముందు చక్రం వ్యాసం సుమారు 60 సెంటీమీటర్ల నుంచి 69కి, వెనుకది సుమారు 63 నుంచి 67కి పెరుగుతుంది. వెనుక కంటే ముందు భాగం ఎక్కువగా లేస్తుంది కనుక స్టీరింగ్ కడ్డీ మరింత వెనక్కి వాలి, దాని గీత నేలను తాకే చోటికీ టైరు నేలను తాకే చోటికీ మధ్య ఉండే ట్రెయిల్ అనే దూరం పెరుగుతుంది. అందువల్ల తారు మీద చురుగ్గా మలుపు తిరిగిన బండి కాస్త మందగించినా, రాళ్ళ మీద తిన్నగా నడుస్తుంది. వేగాన్ని ముందు చక్రం నుంచి కొలిచే బండిలో మీటరు 60 చూపినప్పుడు అసలు వేగం 69 దాకా ఉంటుంది.

వెనుక చక్రం పెరిగితే ప్రతి గేరూ ఏడు శాతం పొడవవుతుంది, అంటే ఎక్కుడులో లాగే శక్తి ఆ మేరకు తగ్గుతుంది. కంపెనీ ఎస్‌ఎంకు వెనుక 41 పళ్ళ స్ప్రాకెట్, ఎస్‌కు 44 పళ్ళది ఇవ్వడం కచ్చితంగా ఈ తేడాను సరిదిద్దుతుంది. చక్రాలు మార్చి స్ప్రాకెట్‌ను వదిలేసేవారు సగం పనే చేసినట్టు.

చక్రం మార్చడం కూడా మాట అన్నంత తేలిక కాదు. ఎస్‌ఎం ముందు ఫోర్కు లావాటి గొట్టాలు పైకి, సన్నటివి కిందికి ఉండే తలకిందుల రకం, ఎస్‌ది మామూలు రకం. అందువల్ల ఒకదాని ముందు చక్రం మరొకదానికి నేరుగా ఎక్కదు. ఇరుసు మందం, డిస్కు స్థానం, బ్రేకు కాలిపర్ బిగించే దూరం అన్నీ సరిచూడాలి. హబ్బును అలాగే ఉంచి, కొత్త స్పోకులతో 21 అంగుళాల రిమ్మును అల్లించుకోవడం నమ్మకమైన పద్ధతి, అయితే అది చెయ్యి తిరిగిన చక్రాల పనివాడి చేతుల్లోనే జరగాలి. సూపర్‌మోటో పెద్ద డిస్కు రాళ్ళ దెబ్బకు లోనవుతుంది కాబట్టి చిన్నది అమర్చుకోవడం మేలు. తారు కోసం బిగువుగా ఉంచిన షాకబ్జర్లను మెత్తబరచకపోతే ప్రతి రాయి దెబ్బా రైడరు మణికట్లకే చేరుతుంది.

2024లో సుజుకి ఈ జంటను డీఆర్‌జెడ్ 4ఎస్, 4ఎస్‌ఎం పేర్లతో తిరిగి ప్రకటించింది. ఇంజనూ ఛాసిసూ రెండింటికీ ఒకటే. ఎస్‌కు ముందు 21, వెనుక 18 అంగుళాల చక్రాలు, ఎస్‌ఎంకు రెండూ 17 అంగుళాలవే.