విస్కీ గ్లాసులో చక్కెర కథ

తీపి తగ్గించిన విస్కీ కాక్‌టెయిల్ ఇంట్లోనే చేసుకోవచ్చంటూ ఈమధ్య ఎక్కడ చూసినా చిట్కాలే. స్టీవియా వేయండి, షుగర్‌ఫ్రీ సిరప్ కొనండి అంటారు. అదేదో ఇప్పుడే కనిపెట్టినట్టు! నిజానికి విస్కీ కాక్‌టెయిల్ మొదట్లో అంత తియ్యగా లేనేలేదు. తర్వాతి వాళ్లు పోసిన తీపినే మనం ఇప్పుడు తీసేస్తున్నాం.

1806 మే నెలలో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ అనే ఊరి పత్రిక, ఒక పాఠకుడి ప్రశ్నకు జవాబుగా కాక్‌టెయిల్ అంటే ఏమిటో చెప్పింది. మద్యం, చక్కెర, నీళ్లు, బిట్టర్స్. బిట్టర్స్ అంటే వేళ్లు, బెరళ్లు, మసాలా దినుసులు మద్యంలో నానబెట్టి తీసిన చేదు కషాయం, చుక్కల లెక్కన వేస్తారు. 1862లో జెర్రీ థామస్ అనే బార్‌టెండర్ తన పుస్తకంలో విస్కీ కాక్‌టెయిల్ కొలతలు ఇచ్చాడు: ఆనాటి చిన్న వైన్ గ్లాసుడు విస్కీ, మూడు నాలుగు చిలకరింపుల పాకం, రెండు చిలకరింపుల బిట్టర్స్, ఓ నిమ్మతొక్క ముక్క. ఆ పాకమంతా కలిపినా ఒక చెంచా నిండదు.

ఆ తర్వాత బార్లవాళ్లు రకరకాల తీపి లిక్కర్లు కలపడం మొదలెట్టారు. విసిగిపోయిన పాత ఖాతాదారులు ‘పాతకాలం పద్ధతిలోనే ఇవ్వవయ్యా’ అని అడిగితే, ఆ మాటే ఓల్డ్ ఫ్యాషన్డ్ అని పేరైపోయింది.

ఇక్కడ ఆడవాళ్ల సంగతీ ఉంది. తాగుడు వల్ల ఇళ్లు గుల్లవుతున్నాయని అమెరికా స్త్రీలు 1874లోనే మద్యనిషేధం కోసం సంఘం పెట్టారు. మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1990ల మొదట్లో సారాపై తిరగబడింది కూడా ఆ బాధతోనే కదా. అమెరికాలో 1920లో నిషేధం వచ్చింది. అయితే తాగుడు ఆగలేదు, దొంగచాటు బార్లలోకీ ఇళ్ల ముందుగదుల్లోకీ మారింది. నాసిరకం సరుకు కంపు తెలియకుండా పళ్లరసాలు, తేనె దండిగా పోసేవారు. 1929లో పాలిన్ సబిన్ అనే ఆవిడ, నిషేధం ఎత్తేయాలంటూ వేరే మహిళా సంఘం పెట్టింది. 1933లో నిషేధం పోయింది గానీ తీపి పోలేదు. ఓల్డ్ ఫ్యాషన్డ్‌లో నారింజ ముక్క, చెర్రీ వేసి చిదపడం మామూలైంది. విస్కీ సౌర్‌కి పిండిన నిమ్మరసం బదులు సీసాలో తీపి మిక్స్ వచ్చింది. అసలు చెడగొట్టింది ఆ సీసానే అని నా అభిప్రాయం.

ఇక వంటింటి లెక్క. విస్కీ సౌర్ చేసేటప్పుడు చక్కెర ఒక్కటే తగ్గిస్తే పులుపు నాలుకని కోసేస్తుంది. నిమ్మరసం కూడా తగ్గించాలి. 45 మిల్లీలీటర్ల విస్కీకి రెండు చెంచాల నిమ్మరసం, అర చెంచా పంచదార, ఐసు, పైన సోడా సరిపోతాయి. నారింజ తొక్కని గ్లాసు మీద మెలిపెడితే నూనె చిమ్మి, వాసనకే తియ్యగా అనిపిస్తుంది. జింజర్ ఏల్ జోలికి వెళ్లకండి, ఒక్క డబ్బాలో 30 గ్రాములకు పైగానే చక్కెర ఉంటుంది.

అలాగని ఇది పథ్యం పానీయం అనుకోకండి. విస్కీలో చక్కెర లేకపోయినా, ఆ 45 మిల్లీలీటర్లలోనే సుమారు 100 క్యాలరీలు ఉంటాయి, చెంచా పంచదారలో ఉండేవి 16. పైగా ఇన్సులిన్ గానీ, కొన్ని రకాల షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లకి అసలు భయం వేరు. మద్యాన్ని విరిచే పనిలో పడి లివర్ చక్కెరని రక్తంలోకి సరిగా వదలదు. ఖాళీ కడుపున తాగితే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు, కొన్ని గంటల తర్వాత నిద్రలో కూడా. చెమటలు, తడబాటు చూసి మత్తే అనుకుని వదిలేస్తాం. ఆ మాత్రలతో అసలు తాగొచ్చా అన్నది డాక్టరుగారినే అడగాలి. మావారికి ఆయన సరే అన్నాక కూడా, మా ఇంట్లో ముందు పెసరట్టు, తర్వాతే గ్లాసు, అదీ ఒక్కటే.